కాకినాడ చేరిన కెప్టెన్ హాల్డేన్



మన వార్షిక సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. ఎక్కువగా మన జనరల్స్ గురించి, పరమవీర చక్ర అందుకున్న వీరుల గురించి రాస్తుంటారు. ఈ ఏడు నన్ను రాయమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్ బై.పి.సి. 1987లో బెంగుళూరులో మద్రాస్ సాపర్స్ లో చేరాను, సుబేదారుగా పెన్షన్ వచ్చాను. పెద్ద పండితుణ్ణి కాదు. కానీ ఒక మనిషి కథ చాలా రోజులుగా నా మనసులో ఉంది. ఆయన ఇంగ్లండులో పుట్టిన తెల్లదొర. మొదటి ప్రపంచ యుద్ధంలో కెప్టెన్. జన్యుశాస్త్రంలో ప్రపంచం మొత్తం పేరు చెప్పుకునే శాస్త్రవేత్త. చివరికి భారత పౌరుడై, తన శరీరాన్ని మన కాకినాడకు ఇచ్చేసి పోయాడు. పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. జె.బి.ఎస్. అని పిలిచేవారు.

మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. కాకినాడకి నేను కొన్ని వందల సార్లు వెళ్ళి ఉంటాను. రంగరాయ మెడికల్ కాలేజీ గేటు ముందు నుంచి ఎన్ని సార్లు బస్సులో పోయానో లెక్కలేదు. లోపల ఆయన ఉన్నారన్న సంగతి రిటైరయ్యేదాకా నాకు తెలీదు. మా చెల్లెలి కొడుక్కి అక్కడ సీటు వచ్చింది. వాడొక రోజు వచ్చి, మావయ్యా, మా కాలేజీలో ఒక సిపాయి అస్థిపంజరం ఉంది, నువ్వు చూడాలి అని చెప్పాడు. ఆ విధంగా పరిచయం.

గ్యాసు మధ్య పెరిగిన కుర్రాడు

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్ ఫర్డ్ లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శాస్త్రవేత్త. మనిషి ఊపిరి ఎలా పీలుస్తాడు, గనుల్లో కార్మికులు ఏ గ్యాసు వల్ల చనిపోతున్నారు అన్నది ఆయన పని. కోడిపుంజు కూస్తే తెల్లవారిందని మనకి తెలిసినట్టు, పంజరంలో చిన్న పిట్ట కూలబడితే విషవాయువు వచ్చిందని గని కార్మికులకి తెలియాలని, గనుల్లోకి పిట్టల్ని తీసుకెళ్ళే పద్ధతి చెప్పింది ఆయనే. డైవర్లు లోతునుంచి పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో 1908లో పట్టికలు తయారు చేసిందీ ఆయనే. మన డైవింగ్ కోర్సు చేసిన సాపర్లకి, నేవీ వాళ్ళకి ఆ పట్టికల విలువ నేను చెప్పక్కర్లేదు.

తండ్రి ఈ ప్రయోగాలన్నిటికీ కొడుకుని వెంట తీసుకెళ్ళేవారు. ఒకసారి గనిలో మీథేన్ చేరిన చోట నిలబెట్టి షేక్స్పియర్ నాటకంలోని మాటలు గట్టిగా అప్పజెప్పమన్నారు. కుర్రాడు కొన్ని మాటలు చెప్పి కుప్పకూలాడు. కింద పడగానే మళ్ళీ ఊపిరి ఆడింది. ఎందుకంటే మీథేన్ గాలి కంటే తేలిక, పైనే ఉంటుంది. ఆ పాఠం జన్మలో మరిచిపోయేది కాదు. పదమూడేళ్ళ వయసులో డైవింగ్ సూటు వేసి సముద్రంలోకి దింపారు. సూటు పెద్దవాళ్ళది, సరిగ్గా పట్టలేదు, లోపలికి నీళ్ళు వచ్చాయి. అయినా కంగారు పడలేదట.

ఈటన్ స్కూల్లో, తర్వాత ఆక్స్ ఫర్డ్ లో చదివారు. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆయనకి సైన్సులో డిగ్రీయే లేదు. ముందు లెక్కలు, తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం చదివి 1914లో ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. డిగ్రీ చేతికి రాగానే యుద్ధం వచ్చింది.

బ్లాక్ వాచ్ పల్టన్ లో

1914 ఆగస్టులో స్కాట్లండుకి చెందిన బ్లాక్ వాచ్ పల్టన్ లో కమిషన్ తీసుకున్నారు. 1915 మొదట్లో ఫ్రాన్సు వెళ్ళారు. ట్రెంచి మోర్టార్లు, చేతి బాంబులు ఆయన డ్యూటీ. రాత్రిపూట శత్రువు వైర్ దాకా పాక్కుంటూ పోవడం అంటే సరదా పడేవారట. ధైర్యానికి పల్టన్ లో ఎంత పేరు ఉందో, యూనిఫారం మురికికి అంత పేరు ఉండేదని చెప్తారు. ఆయన నా ప్లాటూన్ లో ఉంటే కిట్ ఇన్స్పెక్షన్ రోజు నాకు తలనొప్పే.

1915 ఏప్రిల్ 22న ఈప్ర్ దగ్గర జర్మన్లు మొదటిసారి క్లోరిన్ గ్యాసు వదిలారు. మన వాళ్ళ దగ్గర మాస్కులు లేవు. ఇంగ్లండు ప్రభుత్వం పెద్ద హాల్డేన్ ని ఫ్రాన్సు పంపింది. ఆయన కొడుకుని కూడా ఫ్రంట్ నుంచి పిలిపించారు. అద్దాలగదిలో క్లోరిన్ వదిలి, తండ్రీ కొడుకూ మరికొందరూ వంతులవారీగా లోపలికి వెళ్ళారు. ఒకసారి మాస్కుతో, ఒకసారి మాస్కు లేకుండా. ఎంతసేపు ఓర్చుకోగలరు, పరిగెత్తితే ఎంతసేపు, ఇదంతా రాసుకున్నారు. మనందరం ఎన్.బి.సి. ట్రైనింగ్ లో గ్యాస్ ఛాంబరులోకి వెళ్ళినవాళ్ళమే. ఒక్క నిమిషం మాస్కు తీస్తే కళ్ళూ ముక్కూ ఎలా కారతాయో తెలుసు. అది కూడా టియర్ గ్యాసు, ప్రాణం తీసేది కాదు. వీళ్ళు పీల్చింది నిజమైన క్లోరిన్. ఆయన ఊపిరి ఇంకా సరిగా కుదుటపడకుండానే పల్టన్ కి తిరిగి వెళ్ళి మే నెల లడాయిలో గాయపడ్డారు.

కోలుకున్నాక మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, పంపారు. అక్కడ మంటలు అంటుకుని బాంబులు పేలిన ప్రమాదంలో మళ్ళీ గాయం. చికిత్సకి ఈసారి మన దేశానికి తెచ్చారు. కోలుకున్నాక మౌ లో బాంబింగ్ స్కూలు చూశారు. మనలో చాలామంది కోర్సులకి వెళ్ళిన ఆ మౌ లోనే. అప్పుడే ఆయనకి ఈ దేశం నచ్చింది. కానీ ఇక్కడి వాళ్ళతో సమానంగా కూర్చునే వీలు లేనంతకాలం తిరిగి రాకూడదని అనుకున్నారు. వచ్చింది నలభై ఏళ్ళ తర్వాత, దేశానికి స్వతంత్రం వచ్చాక.

ట్రెంచిలో పూర్తయిన పరిశోధన

హాల్డేన్ కి చిన్నతనం నుంచే వంశపారంపర్యం మీద ఆసక్తి. చెల్లెలు నవోమీతో కలిసి ఇంట్లో ఎలుకలు, గినీ పందులు పెంచి పిల్లల రంగులు లెక్కపెట్టేవారు. ఈ పనిలో స్ప్రంట్ అనే మిత్రుడు కూడా కలిశాడు. 1915లో వాళ్ళ ముగ్గురి పేర్లతో ఒక వ్యాసం అచ్చయింది. ఎలుకల్లో రంగుకు సంబంధించిన రెండు లక్షణాలు విడివిడిగా కాక జంటగా పిల్లలకి వెళ్తున్నాయని అందులో చూపారు. క్షీరదాల్లో ఈ సంగతి రుజువు కావడం అదే మొదలు. హాల్డేన్ తన భాగం పూర్తి చేసింది ఫ్రంట్ లో. స్ప్రంట్ అదే ఏడు యుద్ధంలో చనిపోయాడు.

జంటగా వెళ్ళడం అంటే ఏమిటో మన భాషలో చెప్తాను. ఒకే త్రీ-టన్నర్ లో ఎక్కిన జవాన్లు మామూలుగా ఒకే చోట దిగుతారు. వేరే బండిలో ఎక్కినవాడు ఎక్కడ దిగుతాడో చెప్పలేం. జన్యువులూ అంతే. ఒకే క్రోమోజోము మీద ఉన్నవి కలిసి ప్రయాణం చేస్తాయి. కాకపోతే దారిలో కొన్నిసార్లు రెండు బండ్లు ఆగి మనుషులు మారతారు. పక్కపక్కనే కూర్చున్నవాళ్ళు విడిపోవడం తక్కువ, దూరంగా కూర్చున్నవాళ్ళు విడిపోవడం ఎక్కువ. ఎంత తరచుగా విడిపోతున్నారో లెక్కపెడితే ఎంత దూరంలో కూర్చున్నారో చెప్పొచ్చు. 1919లో ఆ దూరానికి లెక్క కట్టి, సెంటీమోర్గాన్ అని కొలత పేరు పెట్టింది హాల్డేనే. ఈ రోజు డి.ఎన్.ఎ. పరిశోధన చేసే ప్రతి ల్యాబులోనూ ఆ మాట వాడతారు.

నల్ల చిమ్మట లెక్క

యుద్ధం తర్వాత ఆక్స్ ఫర్డ్ లోను, 1923 నుంచి కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ విభాగంలోను పనిచేశారు. 1925లో బ్రిగ్స్ అనే ఆయనతో కలిసి ఎంజైములు ఎంత వేగంతో పనిచేస్తాయో చెప్పే సూత్రం ఇచ్చారు. అది ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. కానీ ఆయన పేరు నిలబెట్టింది 1924 నుంచి పదేళ్ళపాటు రాసిన వ్యాసాల వరస.

డార్విన్ చెప్పింది మనకి తెలుసు. బతకడానికి అనువైనవి మిగులుతాయి, లేనివి పోతాయి. బాగానే ఉంది, కానీ ఎంత వేగంగా? పది తరాలా, పదివేల తరాలా? దీనికి అంకెలతో జవాబు చెప్పిన ముగ్గురిలో హాల్డేన్ ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్.

మాంచెస్టర్ ప్రాంతంలో ఒక చిమ్మట ఉంది. అసలు రంగు తెలుపు మీద మచ్చలు. చెట్టు బెరడు మీద వాలితే పిట్టకి కనపడదు. ఫ్యాక్టరీల మసితో బెరడు నల్లబడింది. ఇక తెల్ల చిమ్మట దూరం నుంచే కనపడుతుంది. మన కామోఫ్లాజ్ పాఠమే. 1848లో అక్కడ మొదటి నల్ల చిమ్మట దొరికింది. 1895 నాటికి నూటికి 98 నల్లవే. ఏడాదికి ఒక తరం చొప్పున యాభై తరాల లోపే. అలా కావాలంటే తెల్ల చిమ్మట రెండు పిల్లల్ని మిగిల్చేచోట నల్లది మూడు మిగల్చాలని 1924లో హాల్డేన్ లెక్క కట్టారు. అంత పెద్ద తేడా ప్రకృతిలో ఉంటుందని చాలామంది నమ్మలేదు. తర్వాత 1950లలో అడవిలో చిమ్మటలు వదిలి చూస్తే తేడా నిజంగానే అంత పెద్దదని తేలింది. 2016లో ఆ నలుపుకి కారణమైన మార్పు కూడా దొరికింది. సుమారు 22 వేల అక్షరాల డి.ఎన్.ఎ. ముక్క ఒక జన్యువులోకి దూరిపోయిందట. డి.ఎన్.ఎ. అంటే ఏమిటో లోకానికి తెలియని రోజుల్లో, పెన్సిలు కాగితంతో ఆయన చెప్పిన లెక్క అది.

1957లో ఆయన ఇంకో లెక్క వేశారు. ఒక పాత జన్యువు పోయి దాని స్థానంలో కొత్తది పూర్తిగా రావడానికి సగటున 300 తరాలు పడుతుందని. 1968లో జపాను శాస్త్రవేత్త కిమూరా ప్రొటీన్ అణువుల్లో మార్పులు చూస్తే, అవి ఇంతకంటే చాలా వేగంగా జరిగిపోతున్నాయి. రెంటికీ పొత్తు కుదరాలంటే, ఆ మార్పుల్లో ఎక్కువ భాగం మంచీ కాదు చెడూ కాదు, ఊరికే జరిగేవి అయి ఉండాలని కిమూరా చెప్పారు. అణువుల స్థాయిలో పరిణామాన్ని చూసే పద్ధతినే అది మార్చేసింది. దానికి మెట్టు వేసింది హాల్డేన్ లెక్క.

రక్తంలో దొరికిన జవాబు

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి ప్రొఫెసరుగా వెళ్ళారు. అక్కడ మనుషుల జబ్బుల మీద పడ్డారు. హీమోఫీలియా అని ఒక జబ్బు ఉంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు. ఆ రోజుల్లో ఆ పిల్లలు పెద్దవాళ్ళయి పిల్లల్ని కనడం అరుదు. మరి ప్రతి తరంలో ఆ జన్యువులు కొన్ని పోతూ ఉంటే జబ్బు ఎప్పుడో మాయమైపోవాలి కదా. కాలేదు. అంటే పోయినన్ని కొత్తగా పుడుతున్నాయన్నమాట. రేషన్ స్టోర్ లో ఇష్యూ అయినంత మళ్ళీ జమ అవుతుంటేనే స్టాకు నిలుస్తుంది. ఆ జమ ఎంతో 1935లో తేల్చారు. ప్రతి తరంలో సుమారు 50 వేల జన్యువులకి ఒకటి కొత్తగా చెడుతోంది. మనిషిలో జన్యువులు మారే వేగాన్ని మొదటిసారి కొలిచింది ఇదే.

ఇంకొకటి మన ఫౌజీలకి దగ్గరిది. 1990లలో నేను అస్సాంలో ఉన్నప్పుడు వారానికోసారి ఫాలిన్ చేయించి మలేరియా మాత్ర అక్కడే మింగించేవాళ్ళం. సాయంత్రం అయితే స్లీవ్స్ డౌన్. అయినా ఏటా కొందరు హాస్పిటల్ పాలయ్యేవారు. మలేరియా మనిషి రక్తాన్నే మార్చేసిందని మొదట అన్నది హాల్డేన్. మధ్యధరా సముద్రం పక్కన తలసీమియా అనే రక్తపు జబ్బు ఎక్కువ. చెడ్డ జన్యువు అయితే అంతమందిలో ఎందుకు ఉంది? తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ చెడ్డవి వస్తే బిడ్డ బతకడు. కానీ ఒక్కటే వచ్చినవాడికి మలేరియాని తట్టుకునే శక్తి వస్తుందేమో అని 1948, 49 సంవత్సరాల్లో చెప్పారు. 1954లో అల్లిసన్ అనే డాక్టరు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఇది నిజమని చూపించాడు. మన విశాఖ ఏజెన్సీలో, ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులకి సికిల్ సెల్ ఎందుకు ఉందో అప్పుడు అర్థమవుతుంది. 2023లో ప్రభుత్వం దీన్ని నిర్మూలించడానికి జాతీయ మిషన్ మొదలుపెట్టింది. కొందరు జవాన్లకి ప్రైమాక్విన్ మాత్ర పడదు, రక్తకణాలు పగిలిపోతాయి. అందుకు కారణమైన ఎంజైము లోపం కూడా మలేరియా ప్రాంతాల వాళ్ళలోనే ఎక్కువ.

నీటి అడుగున

1939 జూన్ 1న లివర్ పూల్ దగ్గర థెటిస్ అనే కొత్త సబ్ మెరైన్ ట్రయల్ కి వెళ్ళి మునిగింది. 103 మందిలో నలుగురే బయటపడ్డారు. 99 మంది చనిపోయారు. వాళ్ళలో షిప్ యార్డు పనివాళ్ళు చాలామంది. కార్మిక సంఘాలు కారణం తేల్చమని హాల్డేన్ ని అడిగాయి. ఆయన నలుగురు వాలంటీర్లతో ఇనుప ఛాంబరులో మూసుకుని గంటల తరబడి తాము వదిలిన గాలినే తాము పీల్చారు. కార్బన్ డయాక్సైడు పెరిగే కొద్దీ తలనొప్పి, వాంతులు, బుద్ధి పనిచేయకపోవడం. లోపలివాళ్ళు తప్పించుకునే పరికరాలు ఎందుకు సరిగా వాడలేకపోయారో అలా తెలిసింది.

యుద్ధం రాగానే నేవీ ఆయన్ని ఈ పనికే పెట్టుకుంది. ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎంతసేపు పీల్చవచ్చు, ఎక్కడ అది విషమవుతుంది అనేది తన మీద, తన సహచరుల మీద పరీక్షించారు. ఒకసారి ఆక్సిజన్ వల్ల ఫిట్స్ వచ్చి వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి జీవితాంతం ఉంది. అప్పటికి ఆయన వయసు యాభై దగ్గర. ఆ వయసులో మనం లో మెడికల్ కేటగిరీ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటాం.

ఆయన చేసిన పొరపాటు

మంచి మాత్రమే రాస్తే అది జీవితచరిత్ర కాదు, ఫేర్ వెల్ స్పీచి అవుతుంది. హాల్డేన్ కమ్యూనిస్టు. స్పెయిన్ యుద్ధానికి వెళ్ళి బాంబుదాడులు కళ్ళారా చూసి, జనానికి షెల్టర్లు కట్టమని ఇంగ్లండు ప్రభుత్వంతో పోట్లాడారు. అది మంచిదే. కానీ రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రమే తప్పని చెప్పి, స్టాలిన్ అండతో శాస్త్రవేత్తల్ని తొక్కేశాడు. గొప్ప వృక్ష శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. 1928లో హాల్డేన్ ని రష్యాకి ఆహ్వానించింది ఈ వావిలోవే. లైసెంకో చెప్పేది సైన్సు కాదని హాల్డేన్ కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా పార్టీ కోసం 1948లో కూడా గట్టిగా ఖండించకుండా నసిగారు. తర్వాత పార్టీకి దూరమయ్యారు. క్లోరిన్ గదిలోకి వెళ్ళడానికి వెనకాడని మనిషి, సొంత జట్టు తప్పు చేస్తున్నప్పుడు ఆ మాట అనడానికి వెనకాడారు. రెండో ధైర్యం మొదటిదానికంటే కష్టమని ఫౌజులో ఉన్నవాళ్ళకి తెలుసు.

భారతదేశంలో

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి మన దేశానికి వచ్చేశారు. అంతకు ముందు ఏడు ఈజిప్టు మీద ఇంగ్లండు చేసిన సూయెజ్ దాడి నచ్చకపోవడం ఒక కారణంగా చెప్పారు. కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్ స్టిట్యూట్ లో చేరారు. కుర్తా పైజమా కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. అక్కడ పొసగక 1961లో రాజీనామా చేశారు. 1962లో ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలుపు మీద భువనేశ్వర్ వెళ్ళి ల్యాబు పెట్టారు.

ఖరీదైన మెషిన్లు లేవని ఏడుస్తూ కూర్చోవద్దు, చుట్టూ ఉన్నది లెక్కపెట్టండి అన్నది ఇక్కడి కుర్రాళ్ళకి ఆయన నేర్పిన పాఠం. ఎస్.కె. రాయ్ పారిజాతం పువ్వు రేకులు లెక్కపెట్టాడు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు ఎడమకి తిరిగాయా కుడికి తిరిగాయా అని చూశాడు. జయకర్ చితుకు పిట్ట గూళ్ళు కనిపెట్టుకుని కూర్చున్నాడు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళం, కొబ్బరిచెట్టు ఏ వైపు తిరుగుతుందో మనలో ఎవరైనా చూశామా?

ఆయన శిష్యుల్లో మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నారు. 1937లో పుట్టి, పెద్దయ్యాక అమెరికాలో స్థిరపడి, గురువు మీద పుస్తకాలు రాసి, 2020లో కన్నుమూశారు. చెవుల మీద వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుక్కే వస్తుందా అని మన ఆంధ్ర కుటుంబాల్లో చూసి 1960లో ప్రచురించారు. చాలాకాలం పుస్తకాల్లో అలాగే రాశారు. 2004లో దక్షిణ భారతీయుల మీదే డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే, ఆ లక్షణం మగ క్రోమోజోము మీద లేదని తేలింది. సైన్సులో సీనియారిటీ చెల్లదు, రుజువే చెల్లుతుంది.

మా ఇంటి లెక్క

ద్రోణంరాజు, పి. మీరాఖాన్ అనే డాక్టరు కలిసి 1960ల మొదట్లో చేసిన ఇంకో పని ఉంది. ఆంధ్రలో మేనరికాలు ఎన్ని జరుగుతున్నాయి, వాటి ఫలితం ఏమిటి అని కుటుంబాలని అడిగి రాసుకుని ప్రచురించారు. హాల్డేన్ ప్రోత్సాహంతో జరిగిన పని. ఇది చదివినప్పుడు నా చేయి ఆగిపోయింది. ఎందుకంటే నాదీ మేనరికమే. మా ఆవిడ మా మేనత్త కూతురు. మా పెద్దమ్మాయికి పుట్టుకతో వినపడదు.

ముప్పై ఏళ్ళ పాటు మా ఆవిడ దానికి ఏవేవో కారణాలు చెప్పుకుంది. గ్రహణం అంది, కడుపుతో ఉన్నప్పుడు నా పోస్టింగ్ వల్ల దిగులుపడ్డానంది. ఎవరి దిష్టో అంది. నేను ఫీల్డులో ఉన్నాను, ఏమీ చెప్పలేకపోయాను. రిటైరయ్యాక డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. మా ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒకే లోపం ఉందని వచ్చింది. మా మేనల్లుడు కాగితం మీద గీసి చూపించాడు. మా తాతలో ఒక లోపం ఉందనుకుంటే అది మా నాన్నకి వచ్చే అవకాశం సగం, నాకు రావడం అందులో సగం. మా ఆవిడ వైపూ అంతే. మా ఇద్దరి నుంచీ బిడ్డకి చేరే అవకాశం మొత్తం 64లో ఒకటి. తాత, నాయనమ్మల రెండేసి కాపీలు, మొత్తం నాలుగూ లెక్క వేస్తే 16లో ఒకటి. సొంత అక్క కూతుర్ని చేసుకుంటే 8లో ఒకటి. మేనరికాలన్నిటా జబ్బు పిల్లలు పుడతారని కాదు, ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఇద్దరిలోనూ లోపం ఉందని తేలితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. దిష్టి లేదు, గ్రహణం లేదు. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే నా తప్పు కాదన్నమాట అంది. ముప్పై ఏళ్ళు ఆమె అలా అనుకుంటూ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ లోగా మా చెల్లెలు తన కూతుర్ని మా అబ్బాయికి ఇస్తానంది. పిల్ల బంగారం లాంటిది. చిన్నప్పటి నుంచీ అనుకున్న సంబంధం. నేను కాదన్నాను. మా చెల్లెలు ఆరు నెలలు నాకు ఫోను చేయలేదు. మా అమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నా తరఫున మాట్లాడింది ఒక్క మేనల్లుడే, ఆ పిల్ల సొంత అన్న. ఆ పిల్లకి ఇప్పుడు వేరే సంబంధం కుదిరింది. చెల్లెలు మళ్ళీ ఇంటికి వస్తోంది, పూర్తిగా మునుపటిలా కాకపోయినా.

ఆఖరి పోస్టింగ్

1963 చివర్లో హాల్డేన్ కి క్యాన్సర్ అని తేలింది. లండన్ లో ఆపరేషన్ జరిగింది. హాస్పిటల్ మంచం మీద నుంచే ఆ క్యాన్సర్ మీద హాస్య పద్యం రాసి అచ్చువేయించారు. జనం భయంతో డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేయకూడదని ఆయన ఉద్దేశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్ లో కన్నుమూశారు. వయసు 72.

బతికి ఉన్నంతకాలం ప్రయోగాలకి పనికొచ్చిన శరీరం, చనిపోయాక తనకి ఎలాగూ అక్కర్లేదు కాబట్టి చదువుకునే వాళ్ళకి ఇవ్వాలని విల్లులో రాశారు. అలా ఆయన దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వచ్చింది. ఆ కాలేజీ అప్పటికి పెట్టి ఆరేళ్ళే. ఎంతోమంది మన పిల్లలు ఆ శరీరం దగ్గర నేర్చుకుని డాక్టర్లయ్యారు.

మేనల్లుడు నన్ను తీసుకెళ్ళిన రోజు ఆ అస్థిపంజరం ముందు కాసేపు నిలబడ్డాను. నలిగిన వెన్నుపూసలు ఏవో గుర్తుపట్టాలని చూశాను, నాకు తెలియలేదు. తలమీద టోపీ లేదు కాబట్టి సెల్యూట్ చేయలేదు. సావధాన్ లో నిలబడి వచ్చేశాను.

కాకినాడ వైపు లీవుకి వచ్చే తమ్ముళ్ళు పర్మిషన్ అడిగి ఒకసారి చూసి రండి. ఇంట్లో మేనరికం మాట వచ్చినప్పుడు పిల్లలిద్దరికీ ముందు డాక్టరు సలహా తీసుకోండి. పెద్దవాళ్ళకి కోపం వస్తుంది, కొన్నాళ్ళకి తగ్గుతుంది.

జై హింద్.